ఎవరివో తెలియదన్న మాత్రలు

డ్రైవరు సీటు వెనక ఒక ఇనుప కొక్కెం ఉంటుంది. తువ్వాలు వేసుకోవడానికో, నీళ్ళ సీసా తగిలించుకోవడానికో పెట్టి ఉంటారు. నా సర్వీసులో సగం కాలం ఆ కొక్కేనికి ఒక గుడ్డ సంచి వేలాడింది. రాజమండ్రిలో బయలుదేరేటప్పుడు అందులో ఐసు ముక్కల మధ్య పెట్టిన షుగరు ఇంజెక్షన్లు ఉండేవి, ఉబ్బసం మందులు ఉండేవి, బీపీ బిళ్ళలు ఉండేవి. ఒక్కో పొట్లం మీద దిగాల్సిన ఊరి పేరు నేనే రాసేదాన్ని. ధవళేశ్వరం, బ్యారేజీ, బొబ్బర్లంక దాటి కాలవ గట్టునే ఆత్రేయపురం మీదుగా పోయే బస్సు మాది. బస్సు ఆగగానే కిటికీ దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి చెయ్యి చాపేవారు. పొట్లం చేతికిచ్చి, రైట్ చెప్పేదాన్ని.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయికి ఈ సంగతి చెబితే, "మీరు కండక్టరా మేడమ్, కాంపౌండరా?" అని నవ్వింది. రెండూనమ్మా. ఊళ్ళో ఆస్పత్రి ఉన్నా అందులో మందు ఉండదు, మందు ఉన్న పట్నానికి ముసలివాళ్ళు రాలేరు. వాళ్ళకీ మందుకీ మధ్య రోజూ తిరిగేది మా బస్సొక్కటే. ఇలా చేయమని మాకెవరూ చెప్పలేదు, నాకు ముందున్న కండక్టరు చేశాడు కాబట్టి నేనూ చేశాను. దీనికి చార్జీ లేదు. పెరట్లో కాసిన ములక్కాడలు మాత్రం ఎవరైనా ఇస్తే డ్రైవరుగారు వద్దనేవారు కాదు.

ఆ తరువాత గంజాయి వచ్చింది. గంజాయి మీద నాకేమీ జాలి లేదు. మా బంధువుల్లోనే ఒకరి బతుకు దానివల్ల నాశనమైంది. ఎక్కడో ఏదో బస్సులో, ఎవరూ నాది అనని ఒక సంచిలో గంజాయి దొరికిందట. దాంతో మాకో సర్క్యులర్ వచ్చింది. ప్రయాణికుడు వెంట లేని ఏ పొట్లాన్నీ సిబ్బంది తీసుకెళ్ళకూడదు. డిపో మీటింగులో మేనేజరుగారు అది చదివి వినిపించారు.

"మందులు కూడానాండి?" అని అడిగాను.

"ఏ పొట్లమైనా అంటే ఏ పొట్లమైనానమ్మా. ఏది మందో, ఏది మత్తో విప్పి చూసే టైము మీకుందా? కావాల్సినవాళ్ళు పార్సిల్ కౌంటర్లో ఇచ్చుకుంటారు."

"మా రూట్లో ఊళ్ళల్లో కౌంటర్లు లేవు కదండి."

"అది నా చేతిలో లేదు" అని ఆయన రెండో సర్క్యులర్ తీశారు. అది టైర్ల గురించి.

బయటికొచ్చాక మా డ్రైవరుగారు చెప్పులు తొడుక్కుంటూ, "ఎలకలున్నాయని కొంప తగలెట్టుకున్నట్టుందండి యవ్వారం" అన్నారు. ఆయన నాతో పదకొండేళ్ళు పనిచేసిన మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో ఇదొకటి.

నేను సగం భయపడ్డాను, సగం మొండికేశాను. ముఖం తెలియనివాళ్ళ దగ్గర పొట్లాలు తీసుకోవడం మానేశాను. ఏళ్ళ తరబడి తెలిసిన నాలుగైదు ఇళ్ళవాళ్ళవి మాత్రం తీసుకెళ్తూ వచ్చాను.

ఆ ఇళ్ళల్లో ఒకటి, ఆత్రేయపురం అవతల కాలవ పక్క ఊళ్ళో ఉండే తల్లీకూతుళ్ళది. కూతురికి ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, పలుచని గుడ్డను బియ్యప్పిండి నీళ్ళల్లో ముంచి ఆ కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. చెయ్యి తడబడితే రేకు చిరుగుతుంది, ఆగితే చెయ్యి కాలుతుంది. ఆ చుట్టుపక్కల ఆమె తీసినంత పలుచగా తీసేవాళ్ళు తక్కువని చెప్పుకునేవారు. ఆ ఇంటికి ఆమె చెయ్యే ఆధారం.

ఆమెకు చిన్నప్పటి నుంచి మూర్ఛ. రోజూ ఒక మాత్ర వేసుకుంటే నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే పొయ్యి దగ్గర కూర్చోనివ్వరు. వాళ్ళమ్మ నాకొక్కదానికే చెప్పింది, అదీ మొదటిసారి పొట్లం అందుకున్న రోజున కిటికీలోకి తలపెట్టి. "ఎవరితోనూ అనకండమ్మా. మాత్ర వేసుకున్నన్నాళ్ళూ అది నాకంటే గట్టి మనిషండి."

ఆ మాత్ర మత్తు మందుల జాబితాలో ఉంది. దాన్ని అమ్మితే వేరే రిజిస్టరు రాయాలి, తనిఖీకి వచ్చినవాళ్ళకు చూపించాలి. ఎందుకొచ్చిన గొడవని వాళ్ళ ఊరి చుట్టుపక్కల మందుల షాపులన్నీ దాన్ని తెప్పించడమే మానేశాయి. రాజమండ్రిలో ఆస్పత్రి అటెండరుగా చేసే ఆమె మేనమామ నెలనెలా చీటీ చూపించి కొని, మా బస్సుకు ఎక్కించేవాడు. చీటీ వచ్చే నెలకు మళ్ళీ కావాలి కాబట్టి తన దగ్గరే ఉంచుకునేవాడు. ఇందులో తప్పు ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు.

ఆ రోజు పదిగంటల సర్వీసు. బస్సు నిండుగా ఉంది. ధవళేశ్వరం దాటాక మత్తుమందుల తనిఖీవాళ్ళు రోడ్డు పక్కన ఆపమన్నారు. ముగ్గురు ఎక్కారు. ముందున్న అధికారి చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. వెనక సీటు కింద రెండు గోతాలు ఉన్నాయి. పల్లెల్లో లైసెన్సు లేకుండా బ్రాందీ, విస్కీ అమ్మే దుకాణాలకు వారానికి మూడుసార్లు వెళ్ళే గోతాలవి. అది నాకు తెలుసు, బస్సులో సగం మందికి తెలుసు. వచ్చినవాళ్ళలో ఒకతను దారికి అడ్డమని వాటిని కాలితో జరిపాడు. లోపల సీసాలు గలగలమన్నాయి. అతను ముందుకు నడిచాడు.

తరువాత కొక్కేనికి ఉన్న నా సంచి దించారు. ఇంజెక్షన్ల డబ్బా చూసి, "ఇవి షుగరువి, ఉండనివ్వండి" అని పక్కన పెట్టారు. మూర్ఛ మాత్రల పొట్లం విప్పారు. అధికారి మాత్ర పేరును ఫోనులో ఉన్న జాబితాతో సరిచూసుకున్నాడు.

"మేడమ్, ఇవి మత్తు బిళ్ళలు. నెల స్టాకు ఉంది. ఎవరివి?"

అంతే, బస్సులో ఫోన్లు లేచాయి. ఇస్త్రీ చొక్కా ఆయన ఒకరు సీటు మీంచి లేచి మరీ తీశారు. "ఇదిగోండి, ఇలాంటివాళ్ళ వల్లే కాలేజీ పిల్లలు పాడైపోతున్నారు. కంచే చేను మేస్తుంటే ఇంకేం చెప్తాం" అన్నారు. ఆయన పక్కాయన, ప్రభుత్వం ఇంకా కఠినంగా ఉండాలన్నాడు. ఇంకొకాయన, ఉద్యోగంలోంచి తీసేస్తేగానీ బుద్ధి రాదన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ పిల్లల్ని బడికీ వాళ్ళ తల్లుల్ని ఆస్పత్రికీ చేర్చిన మనిషి మత్తు వ్యాపారి కావడానికి అర నిమిషం పట్టింది. వాళ్ళ కాళ్ళ దగ్గర సీసాల గోతాలు అలాగే ఉన్నాయి. వాటి మీద ఒకాయన చక్కగా కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉపన్యాసమిచ్చాడు.

రోజూ ఖాళీ తట్టతో మా బస్సులో ఇంటికెళ్ళే చేపలావిడ ఒక్కతే నోరెత్తింది. "అయి మందులండి బాబూ. మా ఆయన బీపీ బిళ్ళలు కూడా ఆ సంచిలోనే వస్తాయండి. కండక్టరమ్మగారిని అలా అనకండి. కళ్ళు పోతాయి."

"మందులైతే చీటీ ఏదండి?" అన్నాడు అధికారి. అని నా వైపు చూశాడు. "ఎవరివి మేడమ్? పేరు చెప్పండి చాలు. ఫోను చేసి కనుక్కుంటాం."

చెప్పి ఉంటే సరిపోయేది. మేనమామ నంబరు నా ఫోనులో ఉంది. చీటీ ఫొటో తీసి పంపించేవాడు. నేనేమో గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సర్క్యులర్ గుర్తొచ్చి, పెన్షన్ గుర్తొచ్చి, ఎదురుగా ఉన్న ఫోన్లు చూసి, "నాకు తెలీదండి. ఎవరో తగిలించి పోయారు" అన్నాను.

అద్దంలోంచి డ్రైవరుగారు నన్ను చూశారు. 

నాకు తెలియకపోతే మిగతా పొట్లాల మీద నా చేతిరాత ఎలా వచ్చిందని ఆ అధికారి అడగలేదు. యజమాని తెలియని మత్తు మాత్రలు అని రాసుకుని, పొట్లాన్ని కవరులో వేసి అంటించి, కింద నా సంతకం తీసుకుని దిగిపోయాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారు. ఆ ఎలుక కూడా ఒక రోగిష్టి పిల్లది.

బస్సు కదిలాక నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. అంతమంది ముందు ఆ అమ్మాయి పేరు చెబితే ఆమె జబ్బు ఊరంతా తెలిసిపోదా, అందుకే చెప్పలేదు అని. మంచి సమాధానమే. కాకపోతే "తెలీదండి" అన్నాక ఒక పది నిమిషాలకు తట్టింది.

ఆ ఊరి స్టాపులో వాళ్ళమ్మ ఎప్పటిలాగే నిలబడి ఉంది. కిటికీలోకి చెయ్యి చాపింది. నా వెనక నలభై మంది, అందులో ఇస్త్రీ చొక్కా ఆయన ఒకరు.

"ఈసారి నాకు అందలేదండి" అన్నాను.

"అదేంటండి, ఎక్కించానని తమ్ముడు ఫోన్ చేశాడే."

"రష్‌లో ఎవరి చేతికి ఇచ్చాడో మరి. రేపు కనుక్కుని తెస్తాను."

"సరేలెండి. ఇంకా రెండు మాత్రలున్నాయి. రేపైతే సర్దుకుంటాం" అని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. మొదటి అబద్ధం భయంతో చెప్పాను. దాన్ని ఎవరైనా క్షమిస్తారేమో. ఈ రెండోది అలాంటిది కాదు. మాత్రలు పోయాయి, మీరే వెంటనే రాజమండ్రి బయలుదేరండి అని ఆ క్షణం చెప్పి ఉంటే ఆవిడ అదే బస్సు తిరుగు ట్రిప్పులో ఎక్కేది. రెండు రోజుల వ్యవధి ఉంది. ఆ రెండు రోజుల్నీ నేను తినేశాను.

ఊరికే కూర్చోలేదు, అదొక్కటే చెప్పుకోగలను. సాయంత్రం మేనమామను కలిశాను. ఈ నెల మందు ఇచ్చేసినట్టు చీటీ మీద షాపువాడు ముద్ర వేశాడు, మళ్ళీ ఇవ్వడు. కొత్త చీటీ రాయాల్సిన డాక్టరు సెలవులో ఉన్నాడు, వచ్చే వారం వస్తాడు. ఇంకో డాక్టరు, ఈ మందు నేను రాయను, మా మీదా నిఘా ఉంది అన్నాడట. నేను మూడు షాపులు తిరిగాను. చీటీ లేకుండా ఇచ్చేది లేదన్నారు. మత్తు కోసం మింగేవాడికి ఏ చీటీ అక్కర్లేదు, అది ఎక్కడ దొరుకుతుందో వాడికి తెలుసు. చీటీ, ముద్ర, రిజిస్టరు, నిఘా అన్నీ కలిసి గట్టిగా అడ్డుకున్నది రోగిని ఒక్కదాన్నే. మాత్రలు పట్టుకెళ్ళిన ఆఫీసు గేటు దాకా కూడా వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. నావి కావన్నవాటిని నాకివ్వమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

మర్నాడు నాకు వీక్లీ ఆఫ్. మూడో రోజు స్టాపులో ఆవిడతో, "రేపటికల్లా వచ్చేస్తాయండి" అన్నాను. ఆవిడ నా ముఖం వైపు కాస్త ఎక్కువసేపు చూసింది.

ఈలోగా నా వీడియో ఊళ్ళన్నీ తిరుగుతోంది. మత్తు బిళ్ళలతో దొరికిన లేడీ కండక్టర్ అని పైన పేరు పెట్టారు. మేనేజరుగారు పిలిచారు. నా ఉద్యోగం పోయినట్టేననుకుని వెళ్ళాను. ఆయన కుర్చీ చూపించారు. "తెలీదని చెప్పి మంచి పని చేశారమ్మా. యజమాని లేని సరుకు కదా, మన మీదకు రాదు. ఫైలు మూసేశాం."

అయిదో రోజు చేపలావిడ బస్సెక్కి, తట్ట కూడా దించకుండా చెప్పింది. "ఆ రేకులు తీసే పిల్ల ఉంది కదండీ, దానికి పొయ్యి దగ్గరే ఫిట్సొచ్చాయంటండి. కుండ మీద పడిపోయిందంట. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయిందండి. అందరూ కలిసి చేతిలో తాళాలు పెట్టారంట గానీ, ముందు దాన్ని పొయ్యి మీంచి లాగాలని ఎవరికీ తోచలేదంటండి."

నాకు టికెట్ మిషను పట్టు తప్పింది. డ్రైవరుగారు బస్సు పక్కకు తీసి ఆపి, నీళ్ళు ఇచ్చారు. "ఇప్పుడైనా చెప్పెయ్యండమ్మా" అన్నారు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు.

మర్నాడు డిపోలో కాగితం రాసిచ్చాను. ఆ పొట్లం నేనే తీసుకున్నాను, అది మూర్ఛ మందు, ఎవరిదో నాకు తెలుసు, తెలియదని అబద్ధం చెప్పాను అని. మేనేజరుగారు తల పట్టుకున్నారు. "మూసిన ఫైలు ఎందుకమ్మా తెరుస్తారు?" అన్నారు. వారం తిరగకుండా నాకు చార్జిషీటు వచ్చింది. అబద్ధం చెప్పినప్పుడు కుర్చీ వేశారు, నిజం చెబితే విచారణ వేశారు. మన ఆఫీసుల తీరు గురించి ఇంతకంటే వివరంగా నేను చెప్పలేను.

విచారణకు వచ్చిన పెద్ద అధికారి, "మందులైతే మాత్రం? రోగులే వచ్చి తీసుకెళ్ళాలి" అన్నాడు.

"ఫిట్స్ వచ్చే మనిషి నెలనెలా బస్సెక్కి ఒక్కతే రావాలాండి?"

"అది ఆరోగ్య శాఖ చూసుకోవాలి."

"ఆరోగ్యం వాళ్ళు, మత్తుమందుల వాళ్ళ నిఘా వల్ల రాయలేమంటున్నారండి. ఆ మత్తుమందుల వాళ్ళేమో, బస్సుల్లో రవాణా వల్లే ఇదంతా అంటున్నారు. రవాణా అంటే మీరే కదండి."

ఆయన టీ తెప్పించుకున్నాడు. నాకు కాదు. తరువాత, ఆ మందు ఎవరిదో పేరు చెప్పమన్నాడు. చెప్పనన్నాను. అప్పటికి ఆ పిల్ల జబ్బు సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, ఇక దాచి లాభం లేదు. అయినా చెప్పలేదు. రెండు ఇంక్రిమెంట్లు ఆపి, రూటు మార్చారు. ఆ శిక్ష మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్ళు దాన్ని వేసిన కారణం మీదే నా కోపమంతా. మందు తీసుకెళ్ళినందుకు శిక్షించారు. ఆ తల్లికి అబద్ధం చెప్పినందుకు ఏ రూల్లోనూ శిక్ష లేదట.

రూటు మారిన వారంలో, ఆఫ్ రోజున, మామూలు ప్రయాణికురాలిగా టికెట్ తీసుకుని ఆ ఊరు వెళ్ళాను. మొత్తం చెప్పేసి రావాలని దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను.

ఆ అమ్మాయి వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. మోచేతి దాకా కట్టు. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. ఇక రేకు తీయలేదని చూడగానే అర్థమైంది. పెరట్లో కుండలు బోర్లించి ఉన్నాయి, పొయ్యిలో బూడిద కూడా లేదు. నన్ను చూసి లేచి నిలబడబోయింది.

"కూర్చోండి మేడమ్. మీ వీడియో చూశానండి" అంది.

నేను మంచం చివర కూర్చున్నాను.

"అంతమంది మిమ్మల్ని అన్నేసి మాటలంటున్నా నా పేరు బయటపెట్టలేదు. ఆ ఆఫీసరు, పేరు చెప్పండి చాలు అని అడిగినా కూడా తెలీదన్నారు. సొంత అక్కయినా అంత చెయ్యదండి. నా గురించి మీ ఉద్యోగం మీదకు కూడా వచ్చిందంటగా." ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. "మీ రుణం తీర్చుకోలేనండి."

చెప్పాల్సింది అప్పుడే. నేను కాపాడుకున్నది నీ పేరు కాదమ్మా, నా ఉద్యోగం అని. మాట గొంతు దాకా వచ్చింది. ఆ పిల్ల ముఖంలో నా మీద అంత గౌరవం కనిపిస్తుంటే అది నాకు తియ్యగా ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. తియ్యగానే ఉంది. తల ఊపి, చెయ్యి నిమిరి, ఆరోగ్యం జాగ్రత్త అని లేచాను.

వాళ్ళమ్మ నాకు మంచినీళ్ళు ఇచ్చింది గానీ, ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. స్టాపు దాకా మాత్రం నా వెంట నడిచి వచ్చింది. దూరంగా బస్సు కనపడ్డాక అంది.

"అది అలాగే అనుకోనివ్వండమ్మా. దానికి అదే మంచిది." కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "మీరు అందలేదన్నప్పుడు కిటికీ దగ్గర చెయ్యి చాపి నిలబడింది నేను కదండి."